ఫస్ట్ కాపీ గేమ్ టీషర్టులు, బొమ్మలు అమ్మొచ్చా? పద్నాలుగేళ్లు ఈ సరుకు అమ్మినవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గుంటూరులో కాలేజీల దగ్గర ఒక చిన్న షట్టర్ అద్దెకు మాట్లాడుకున్నారు. వీడియో గేమ్స్ బొమ్మలున్న టీషర్టులు, కీచైన్లు, పోకెమాన్ కార్డులు, మెత్తటి బొమ్మలు అమ్మాలనుకుంటున్నారు. బేగంబజార్‌లో ఒక హోల్‌సేలర్ 40 వేలకు ఒక లాట్ ఇస్తానన్నాడు. అంతా 'ఫస్ట్ కాపీ' అన్నాడు, అంటే అచ్చం అసలుదానిలా కనిపించే నకిలీ. అది అమ్మితే ఇబ్బంది వస్తుందా, అసలు ఆ పేర్లు, బొమ్మలు వాడుకోవడానికి గేమ్ కంపెనీల నుంచి లైసెన్స్ తెచ్చుకోవాలంటే ఎంతవుతుంది అని అడిగారు.

ఆ లాట్ తీసుకోకండి. లైసెన్స్ కోసం కూడా తిరగకండి, ఆ ఖర్చు ఒక్క షట్టర్ మోయలేదు. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గర బిల్లుతో సరుకు తెచ్చుకోవడం, పక్కన మీ సొంత డిజైన్లు పెట్టుకోవడం. ఎందుకో వివరంగా చెబుతాను. నేను సికింద్రాబాద్‌లో 2009 నుంచి 2023 దాకా షాపు నడిపాను. మొదట గేమ్ డిస్కులు అమ్మేవాడిని. డిస్కులకు గిరాకీ పడిపోయాక టీషర్టులు, బొమ్మలకు మారాను. అసలుదీ అమ్మాను, డూప్లికేటూ అమ్మాను. డూప్లికేట్ అమ్మినందుకు ఇప్పటికీ బాధపడే రోజు ఒకటుంది, దాని సంగతి కింద చెబుతాను.

ముందు ఒక విషయం. మన ఊళ్లలో గేమ్స్ పరిచయమైందే డూప్లికేట్‌తో. తొంభైల్లో పుట్టినవాళ్లను అడగండి. 'టీవీ గేమ్' అని ఒక పెట్టె, దాంట్లో '9999 ఇన్ 1' అని రాసి ఉన్న పసుపు క్యాసెట్, అందులో మారియో, కాంట్రా. అదంతా జపాన్ కంపెనీ నింటెండో చేసిన గేమ్ మెషీన్‌కు నకలు. అదే మెషీన్‌ను మన దేశంలో సమురాయ్ పేరుతో అధికారికంగా కూడా అమ్మారు. కానీ మా వీధిలో అది ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. వాళ్ల కొత్త మెషీన్ నింటెండో స్విచ్ 2017లో చాలా దేశాల్లో వచ్చింది, మన దేశంలో మాత్రం కంపెనీ అధికారికంగా విడుదల చేయలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అడిగితే బయటి దేశం నుంచి వచ్చిన పీస్ దొరికేది. అంటే కంపెనీలు మన దగ్గరికి ఆలస్యంగా వచ్చాయి, కొన్ని రానేలేదు. ఆ ఖాళీలోనే డూప్లికేట్ మార్కెట్ పెరిగింది. కొనేవాళ్లను తప్పు పట్టే ముందు ఇది గుర్తు పెట్టుకోవాలి. ఇంటర్ చదివే కుర్రాడి జేబులో 250 రూపాయలుంటే, ఆ 250కి అసలు సరుకు ఏదీ లేకపోతే, వాడు ఇంకేం కొంటాడు?

ఆ ఖాళీ ఎంత పెద్దదో నాకు పబ్‌జీ అనే ఫోన్ గేమ్ ఊపేసిన రోజుల్లో తెలిసింది. 2018 చివరి నుంచి రోజుకు ఇరవై మంది పిల్లలు వచ్చి ఆ గేమ్‌లో కనిపించే పాన్ (పెనం) కీచైన్ ఉందా, లెవెల్ త్రీ హెల్మెట్ ఉందా అని అడిగేవారు. అసలు కంపెనీ సరుకు నా కంటికి ఎక్కడా కనపడలేదు. మెటల్ కీచైన్లు ఢిల్లీ సదర్ బజార్ నుంచి డజన్ల లెక్కన వచ్చేవి. టీషర్టులు తిరుప్పూర్‌లో ప్లెయిన్‌గా తయారై, ఇక్కడే ఏదో ఒక మేడ మీద హీట్ ప్రెస్ కింద, గెలిస్తే గేమ్‌లో కనిపించే 'చికెన్ డిన్నర్' మాట ముద్ర వేయించుకునేవి. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్‌జీని నిషేధించింది. నిషేధం యాప్ మీదే, టీషర్టు మీద కాదు. అయినా నెల తిరిగేసరికి నా దగ్గర ఉన్న మూడు పెట్టెల సరుకును అడిగేవాడు లేడు. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో మళ్లీ వచ్చింది, నా పాత స్టాక్ కొంచెం కదిలింది. 2022 జులైలో దాన్నీ తీసేశారు. 2023 మేలో తిరిగొచ్చింది. ఇలా ఊగే సరుకులో అప్పు చేసి పెట్టుబడి పెట్టినవాళ్లు నా ఎదురుగానే మునిగారు. డూప్లికేట్ సరుకుకు రిటర్న్ ఉండదు. లైసెన్స్ ఉన్న డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొన్నప్పుడు అమ్ముడుపోనిది కొంతైనా మార్చి ఇస్తారు. ఈ తేడాను కొత్తవాళ్లెవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇక మీకిస్తానన్న లాట్ సంగతి. 'ఫస్ట్ కాపీ', 'మాస్టర్ కాపీ', 'సెవెన్ ఏ' ఇవన్నీ బజారు మాటలు, చట్టంలో వీటికి ఏ విలువా లేదు. బ్రాండ్ యజమాని అనుమతి లేకుండా వాళ్ల పేరు, బొమ్మ వేస్తే అది నకిలీయే. కుట్టు బాగుండటం, రంగు పోకపోవడం వల్ల అది అసలు అయిపోదు. ఇంకో సంగతి గమనించండి. మీ హోల్‌సేలర్‌ను పక్కా బిల్లు అడిగితే ఇస్తాడు, కానీ దాని మీద 'ఫ్యాన్సీ ఐటమ్స్' అనో 'మిక్స్‌డ్ టాయ్స్' అనో రాస్తాడు. గేమ్ పేరు, బ్రాండ్ పేరు రాయడు. రాయమని అడిగి చూడండి. ఆ ఒక్క ప్రశ్నతో మీకు మొత్తం తెలిసిపోతుంది.

బొమ్మల విషయం వేరుగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఆడుకునేది పసిపిల్లలు. 2021 అక్టోబర్‌లో పాపీ ప్లేటైమ్ అనే హారర్ గేమ్ వచ్చింది. అందులో హగ్గీ వగ్గీ అని నీలం రంగు పొడుగు చేతుల రాక్షసుడు ఉంటాడు. గేమ్ ఆడని పిల్లలకు కూడా యూట్యూబ్ వీడియోల వల్ల వాడు తెలిసిపోయాడు. 2022 వేసవికి ఎగ్జిబిషన్ స్టాళ్లలో, జాతరల్లో, ట్రాఫిక్ సిగ్నళ్ల దగ్గర కూడా నీలం బొమ్మలే. అసలుదాన్ని చూసినవాడు లేడు, నకిలీది లేని వీధి లేదు. నేనూ రెండు వందల పీసులు తెచ్చాను, పది రోజుల్లో అయిపోయాయి. పదకొండో రోజు ఒకావిడ రెండేళ్ల పాపను ఎత్తుకుని వచ్చింది. బొమ్మ కన్ను ఊడి పాప నోట్లోకి పోయింది, అదృష్టం కొద్దీ వాళ్ల అమ్మమ్మ చూసి వేలు పెట్టి తీసింది. ఆవిడ నన్ను తిట్టలేదు. ఆ ప్లాస్టిక్ కన్నును కౌంటర్ మీద పెట్టి "అన్నా, ఇది ఇంకెవరికీ అమ్మకండి" అని వెళ్లిపోయింది. అప్పటికే రెండు వందలూ అమ్మేశాను. ఎవరికి అమ్మానో నా దగ్గర రాసి లేదు, ఫోన్ చేసి చెప్పడానికి నంబర్లు లేవు. ఆ తర్వాత ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మ నా షాపులో పెట్టలేదు.

ఇది చట్టం కూడా. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కరెంటు, బ్యాటరీ లేనివాటికి ఐఎస్ 9873, ఉన్నవాటికి ఐఎస్ 15644 ప్రమాణాలు. గుర్తుతో పాటు లైసెన్స్ నంబర్ ఉంటుంది. దాన్ని ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారుచేసిన కంపెనీ పేరు వస్తుంది. ఇదేదో చిన్న షాపులను వేధించడానికని కొందరు అంటారు, కానీ 2023 మొదట్లో తనిఖీలు జరిగింది మాల్స్‌లో, ఎయిర్‌పోర్టు షాపుల్లో. ఆ విడతలో 18 వేలకు పైగా బొమ్మలు స్వాధీనం చేసుకున్నారు. మరో మాట, కాపీరైట్ లైసెన్స్ వేరు, ఈ భద్రతా గుర్తు వేరు. కంపెనీ అనుమతి ఉన్న బొమ్మకైనా ఐఎస్ఐ కావాలి. ఐఎస్ఐ గుర్తు ఉన్నంత మాత్రాన దాని మీది క్యారెక్టర్‌కు అనుమతి ఉందని కాదు. రెండూ చూసుకోవాలి.

దిగుమతి సుంకం కథ కూడా తెలుసుకోండి, మీ ధరలు దాని మీదే ఆధారపడతాయి. బొమ్మల మీద సుంకం 20 శాతం ఉండేది. 2020 ఫిబ్రవరిలో 60 చేశారు, 2023లో 70 చేశారు. సుంకం, ఐఎస్ఐ నియమం రెండూ కలిసి దిగుమతులను బాగా తగ్గించాయి. ప్రభుత్వ లెక్కల్లో 2018-19లో సుమారు 37 కోట్ల డాలర్ల బొమ్మలు వస్తే 2021-22కి అది 11 కోట్లకు పడిపోయింది. దేశంలో తయారీ పెరిగింది, మంచిదే. కానీ గేమ్ క్యారెక్టర్ల అసలు ఫిగర్లు (చిన్న విగ్రహాల్లాంటి బొమ్మలు) ఎక్కువగా బయటి నుంచే వస్తాయి. వాటి ధర మన కుర్రాళ్లకు ఇంకా దూరమైంది, నకిలీకి ఇంకా చోటు దొరికింది. అంతకుముందు నకిలీ పెట్టెల మీద చైనా అక్షరాలు ఉండేవి. ఆ తర్వాత వచ్చిన పెట్టెల మీద తయారీదారు పేరు, చిరునామా ఏమీ ఉండేవి కావు, ఒట్టి అట్టపెట్టెలు.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అలాంటి గుర్తింపు ఉన్న బొమ్మలను ఐఎస్ఐ నియమం నుంచి మినహాయించారు. మీది గుంటూరు, కొండపల్లి ఎంతో దూరం లేదు. షాపులో ఒక అర వాటికి ఇవ్వండి, అధీకృత కళాకారుల దగ్గర నేరుగా కొనండి. వాటికీ నకిలీలు వస్తున్నాయి. నకిలీ వల్ల ఎవరి కడుపు కొడతామో ఆ ఊరు వెళ్లి చూస్తే అర్థమవుతుంది.

పోకెమాన్ కార్డుల గురించి రెండు మాటలు. స్టేషనరీ షాపుల్లో బంగారు రంగు మెరిసే కార్డుల పెట్టె రెండు మూడు వందలకు అమ్ముతున్నారే, అవి నకిలీ. అసలు ఇంగ్లిష్ ప్యాకెట్లో మామూలుగా పదో పదకొండో కార్డులే ఉంటాయి, నా కాలంలో ధర ఆ పెట్టె కంటే ఎక్కువ ఉండేది. గుర్తుపట్టడం తేలిక. పోకెమాన్ అన్న ఇంగ్లిష్ పేరులో 'ఇ' (e) అక్షరం మీద చిన్న గీత ఉంటుంది, నకిలీల్లో చాలాసార్లు అది మాయమవుతుంది. కార్డు వెనుక నీలం రంగు వెలిసినట్టో, మరీ ముదురుగానో ఉంటుంది. అసలు కార్డు అంచును జాగ్రత్తగా చూస్తే రెండు అట్టల మధ్య సన్నటి నల్ల పొర కనిపిస్తుంది. నకిలీ కార్డును సెల్‌ఫోన్ లైటు ముందు పెడితే వెలుతురు ఇవతలికి వచ్చేస్తుంది. పిల్లలు ఈ కార్డులు మార్చుకుంటారు. ఒకడు ఆరు నెలలు దాచుకున్న డబ్బుతో కొన్న అసలు కార్డును తెలియక బంగారు నకిలీకి మార్చుకుని ఏడవడం నా షాపు మెట్ల మీదే చూశాను. అందుకే నకిలీ కార్డులు అమ్మడం ఆపేశాను. కౌంటర్ దగ్గర ఒక అసలు కార్డు, ఒక నకిలీ కార్డు పక్కపక్కన అతికించి పెట్టాను. పిల్లలు వారంలో నాకంటే బాగా గుర్తుపట్టడం నేర్చుకున్నారు.

ఇప్పుడు చట్టం. ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లో 104వ సెక్షన్ నకిలీ గుర్తు ఉన్న సరుకు అమ్మేవాళ్ల గురించే. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌లోనూ దాదాపు అదే శిక్ష. ఆ సెక్షన్ కింద పోలీసులు వారెంట్ లేకుండా అరెస్ట్ చేయగల నేరమని, బెయిల్ హక్కుగా రాని నేరమని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ట్రేడ్ మార్క్ కేసులో సోదాకు డీఎస్పీ స్థాయి అధికారి రావాలి, ట్రేడ్ మార్క్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. కాపీరైట్ కేసులో ఎస్సై వచ్చినా సరుకు పట్టుకోవచ్చు. 104లో చిన్న షాపువాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన రక్షణ ఒకటుంది. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని, నకిలీ అని అనుమానించే కారణం లేదని, అడిగినప్పుడు ఎవరి దగ్గర కొన్నానో పూర్తిగా చెప్పానని నిరూపించుకుంటే బయటపడొచ్చు. బ్రాండ్ పేరు రాసిన పక్కా బిల్లు మీకు అక్కరకొచ్చేది ఇక్కడే. 'ఫ్యాన్సీ ఐటమ్స్' బిల్లు ఇక్కడ పనికిరాదు. ఫస్ట్ కాపీ అని తెలిసే కొంటే మీకు ఈ రక్షణ అసలే దొరకదు.

నిజానికి ఎక్కువగా జరిగేది పోలీసు కేసు కాదు. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్తుంది. అమ్మేవాళ్ల పేర్లు తెలియకపోయినా 'అశోక్ కుమార్' అనే ఊహా పేరు మీద ఆర్డర్ తెచ్చుకుంటుంది. కోర్టు నియమించిన లోకల్ కమిషనర్, కంపెనీ తరఫు లాయర్‌తో, ఇద్దరు పోలీసులతో కలిసి మన బజారుకొచ్చి సరుకు లెక్కపెట్టి, మూటకట్టి, సీలు వేస్తాడు. మా లైన్‌లో ఒక షాపుకు ఇలాగే వచ్చారు. ఆ సీలు మూటలను షాపతని దగ్గరే వదిలి, అడిగినప్పుడు చూపించాలని సంతకం తీసుకున్నారు. ఏడాదిన్నర పాటు ఆ మూటలు సగం గోడౌన్ ఆక్రమించాయి. చివరికి ఇక అమ్మనని రాసిచ్చి, ఖర్చులు కట్టి బయటపడ్డాడు. ఆ డబ్బు కంటే, ఢిల్లీ లాయర్ నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా పడిన టెన్షన్ అతన్ని ఎక్కువ కుంగదీసింది.

లైసెన్స్ ఎందుకు వద్దన్నానో లెక్క చూడండి. గేమ్ కంపెనీ మన ప్రాంతానికి ఒక ఏజెన్సీని పెట్టుకుంటుంది. ఆ ఏజెన్సీ టీషర్టులకు ఒకరికి, స్టేషనరీకి ఒకరికి, బొమ్మలకు ఒకరికి అని విడివిడిగా, రెండు మూడేళ్ల గడువుతో లైసెన్స్ ఇస్తుంది. హోల్‌సేల్ అమ్మకం మీద రాయల్టీ ఉంటుంది, అనుకుందాం పది శాతం. దాంతో పాటు మినిమమ్ గ్యారంటీ అని ఒకటుంది. అమ్మినా అమ్మకపోయినా కట్టాల్సిన మొత్తం అది. ఉదాహరణకు అది 10 లక్షలనుకోండి. పది శాతం రాయల్టీతో ఆ 10 లక్షలు తేలాలంటే కోటి రూపాయల అమ్మకం కావాలి. టీషర్టు హోల్‌సేల్ 400 అయితే 25 వేల టీషర్టులు. గుంటూరులో ఒక్క షట్టర్ నుంచి అన్ని టీషర్టులు పోతాయా? పైగా ప్రతి డిజైన్, ప్రతి నమూనా పంపి ఆమోదం తెచ్చుకోవాలి. రంగు ఒక ఛాయ తేడా ఉన్నా వెనక్కి పంపుతారు. ఇది బట్టల కంపెనీలు చేసుకునే పని.

కాబట్టి ఆ కంపెనీల దగ్గరే కొనండి. లైసెన్స్ ఉన్న దేశీ బ్రాండ్లు చాలావరకు షాపులకు హోల్‌సేల్ ఇస్తాయి. మార్జిన్ తక్కువే, నూటికి ముప్పై దాటడం కష్టం. డూప్లికేట్‌లో నూటికి నూరు మిగులుతుంది, నిజమే. అయితే అందులో పోయే డెడ్ స్టాక్, రంగు పోయిందని వచ్చే గొడవలు, మళ్లీ మెట్టెక్కని కస్టమర్లు, ఇవన్నీ తీసేశాక నా పుస్తకాల్లో రెండూ దగ్గర దగ్గరగా తేలాయి. కొనేముందు లైసెన్సీ (లైసెన్స్ పొందిన కంపెనీ) దగ్గర అధికార పత్రం కాపీ అడగండి. అసలు లైసెన్సీ అయితే అడిగినందుకు ఏమీ అనుకోడు. ట్యాగ్ మీద కాపీరైట్ వాక్యం, హోలోగ్రామ్, లైసెన్సీ పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉన్నాయా చూడండి. ఏదైనా పేరు మీద అనుమానం ఉంటే ట్రేడ్ మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. అక్కడ సరుకును బట్టి తరగతులుంటాయి: బట్టలు 25వ తరగతి, బొమ్మలు 28, స్టేషనరీ 16, కీచైన్లు 14.

సొంత డిజైన్ల మీద నాకు చాలా ఆశ ఉంది. గేమ్ పేరు, లోగో, క్యారెక్టర్ ఏదీ వాడకుండా, ఆడేవాళ్ల జీవితాన్ని తెలుగులో టీషర్టు మీదికి ఎక్కించండి. చివరి రెండేళ్లు నా షాపులో అన్నిటికంటే ఎక్కువ పోయింది "అమ్మా, ఆన్‌లైన్ గేమ్ పాజ్ అవ్వదు" అని రాసిన నల్ల టీషర్టు. తిరుప్పూర్ నుంచి 180 జీఎస్ఎం (బట్ట మందం లెక్క), బయోవాష్ (బట్ట నునుపుగా ఉండేలా ఉతికిన) ప్లెయిన్ సరుకు తెప్పించి, డీటీఎఫ్ ముద్ర (ఫిల్మ్ మీద అచ్చువేసి వేడితో బట్టకు అతికించేది) వేయించేవాడిని. 399కి అమ్మేవాడిని. ఇంతకుముందు నేనన్న ఆ ఖాళీలోకి నిజాయితీగా దిగిన సరుకు ఇదొక్కటే. అక్షరాలు గీసింది మా వీధి కుర్రాడు. వాడికి డబ్బిచ్చి, హక్కులు నాకు ఇస్తున్నట్టు కాగితం మీద రాయించుకున్నాను, మీరూ అలాగే చేయండి. నోటిమాట చెల్లదు. ఒక హెచ్చరిక: ఆర్టిస్టు తన సొంత శైలిలో మారియోను గీసినా అది మారియోయే. హైదరాబాద్‌లో 2013లో కామిక్ కాన్ అనే కామిక్స్, గేమ్స్ అభిమానుల మేళా మొదలైనప్పటి నుంచి టేబుళ్ల మీద ఫ్యాన్ ఆర్ట్ (అభిమానులు గీసిన బొమ్మలు) అమ్ముతూనే ఉన్నారు కదా అంటారు. కంపెనీలు చూసీ చూడనట్టు ఊరుకోవడం వేరు, అనుమతి ఇవ్వడం వేరు. రోజూ తెరిచే షాపును ఆ ధైర్యం మీద నడపలేరు.

మీ దగ్గర 40 వేలే ఉన్నాయంటే ఇలా పెట్టండి. 18 వేలకు లైసెన్స్ టీషర్టులు. ఎమ్, ఎల్ సైజులే ఎక్కువ తీసుకోండి, ఎక్స్ఎస్ అసలు వద్దు. 12 వేలకు సొంత డిజైన్లు, మొదట మూడే రకాలు. 6 వేలకు అసలు కార్డు ప్యాకెట్లు, కాలేజీ పిల్లలు విడిగా ఒక్కొక్కటే కొంటారు. మిగతా 4 వేలు చేతిలో ఉంచుకోండి, మొదటి నెలలో పిల్లలు ఏం అడుగుతున్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకుని అది తెప్పించండి. మెత్తటి బొమ్మలు మొదటి ఆరు నెలలు పెట్టకండి. ఐఎస్ఐతో పాటు లైసెన్స్ ఉన్న సరఫరాదారు దొరికాక చూద్దాం. ఇప్పటికే ఆ హోల్‌సేలర్‌కు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఎంతిచ్చారో రాయండి. ఆ డబ్బుకు బదులు అతని దగ్గరే ప్లెయిన్ టీషర్టులో, బ్రాండ్ లేని కీచైన్ రింగులో తీసుకోవచ్చు. బేగంబజార్‌లో అలాంటి సర్దుబాటుకు చాలామంది ఒప్పుకుంటారు, నేను రెండుసార్లు చేశాను.